వియన్నా నుంచి మార్లవాయికి ఒక దారి

ఉట్నూరు దాటి జైనూరు వైపు వెళ్తే మార్లవాయి అనే గోండు గూడెం ఉంది. ఏటా జనవరి 11న ఆ ఊళ్లో రెండు సమాధుల దగ్గర జనం చేరతారు. చుట్టుపక్కల గూడేల పటేళ్లు, అధికారులు, బడిపిల్లలు వచ్చి పూలు పెట్టి మొక్కుతారు. ఆ సమాధుల్లో ఒకటి బెట్టీ ఎలిజబెత్‌ది, రెండోది ఆమె భర్త, మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. ఆమె 1987లో హైదరాబాదులో చనిపోతే మార్లవాయికి తెచ్చి మట్టి చేశారు. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. 2012లో కొడుకు నికొలస్ తండ్రి అస్థికలను తీసుకొచ్చి తల్లి పక్కన ఉంచాడు.

నేను ఉద్యోగంలో ఎక్కువ కాలం ఉట్నూరు ఏజెన్సీ బడుల్లోనే పంతులుగా పనిచేశాను. హైమన్‌డార్ఫ్ పేరు పుస్తకాల్లో చదవకముందే గూడేల్లో విన్నాను. ముసలివాళ్లు ఆయన గురించి ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టు చెప్పేవాళ్లు. ఆయన 1909లో పుట్టింది వియన్నాలో అని తర్వాత తెలిసింది. వాగుల అవతలి మా గూడేల దాకా ఒక మనిషిని పంపిన ఆ నగరం ఎట్లా ఉంటుందో చూడాలన్న కోరిక అప్పటి నుంచే ఉంది. రిటైరై కరీంనగర్‌లో స్థిరపడ్డాక, మా తమ్ముడి కొడుక్కి వియన్నాలో ఉద్యోగం వచ్చాక, ఆ కోరిక తీరే దారి దొరికింది. సెప్టెంబరులో దోహా మీదుగా విమానమెక్కి వియన్నాలో దిగాను.

మావాడి ఇల్లు నగరానికి ఆగ్నేయ పక్కన సిమ్మరింగ్‌లో ఉంది. మెట్రో దిగి పైకి రాగానే ఎర్ర ఇటుకలతో కట్టిన నాలుగు గుండ్రటి కోటబురుజుల్లాంటి కట్టడాలు కనిపించాయి.

“గివి గ్యాసు నిల్వజేసే ట్యాంకులు పెద్దబాపూ. నూరేండ్ల కిందటివి. ఇప్పుడు మేముండేది గీ రెండోదాంట్లనే” అన్నాడు మావాడు.

1899 నాటికి కట్టిన ట్యాంకులవి. బొగ్గు నుంచి తీసిన గ్యాసును వాటిలో నింపి ఊరి దీపాలకు, పొయ్యిలకు పంపేవాళ్లు. సహజవాయువు వచ్చాక వాటితో పనిలేకపోయింది. వాటిని కూల్చకుండా, బయటి ఇటుక గోడ చెక్కుచెదరకుండా ఉంచి, 2001 నాటికి నలుగురు పేరున్న వాస్తుశిల్పులతో ఒక్కోదాన్ని ఒక్కో తీరులో ఇళ్లుగా మార్పించారు. లోపల అపార్ట్‌మెంట్లు, దుకాణాలు, విద్యార్థుల హాస్టలు, కచేరీల హాలు ఉన్నాయి. మావాడి కిటికీ తెరిస్తే గుండ్రటి గోడ లోపలి వంపు, పైన గాజు కప్పు మీంచి పడే వెలుగు కనిపిస్తాయి. గోదావరిఖని, బెల్లంపల్లి మనుషులకు బొగ్గుతో నడిచే కట్టడాలంటే ఏమిటో వేరే చెప్పాలా? మన రామగుండం బీ-థర్మల్ 1971 నుంచి 2024 దాకా కరెంటు ఇచ్చి మూతపడింది. ఆ ట్యాంకు ఇంట్లో పడుకున్న మొదటి రాత్రి నాకు గుర్తొచ్చింది అదే. పని అయిపోయిన కట్టడానికి ఇంకో పని వెతికిపెట్టొచ్చని ఆ ఇల్లే నాకు మొదటి పాఠం చెప్పింది.

మర్నాడు పొద్దున ఊరి నడిబొడ్డుకు, సెయింట్ స్టీఫెన్ చర్చి దగ్గరికి వెళ్లాం. దాని దక్షిణ గోపురం 136 మీటర్ల ఎత్తు. 1433లో పూర్తయింది. అంటే మన బమ్మెర పోతన శతాబ్దం నాటిదన్నమాట. 343 మెట్లెక్కితే పైనుంచి ఊరంతా కనిపిస్తుంది. మెట్లు ఇరుకు, సుడి తిరుగుతూ పోతాయి. నా వయసువాళ్లు తొందరపడకుండా ఎక్కాలి. పైనుంచి చూస్తే చర్చి కప్పు మీద రంగురంగుల పెంకులు చాపనేసినట్టు మెరుస్తాయి. 2 లక్షల 30 వేల పెంకులట. 1945 ఏప్రిల్‌లో, యుద్ధం చివరి రోజుల్లో, మంటలు అంటుకుని ఆ కప్పంతా కాలిపోయింది. 1711లో పోసిన పెద్ద గంట కిందపడి ముక్కలైంది. ఆ గంటను అసలు 1683లో వియన్నాను ముట్టడించిన ఉస్మానీ తుర్కులు వదిలివెళ్లిన ఫిరంగుల లోహంతో పోశారు. పగిలిన ముక్కలను ఏరి, కరిగించి, 1951లో అదే లోహంతో కొత్త గంట పోశారు. ఇరవై టన్నులకు మించిన ఆ గంట ఇప్పుడు ఉత్తర గోపురంలో ఉంది. కొత్త సంవత్సరం అర్ధరాత్రి దాని మోత కోసం దేశమంతా చెవి పెట్టుకుని ఉంటుందట. ఒకే లోహం ఫిరంగి అయింది, గంట అయింది, మళ్లీ గంట అయింది.

చర్చికి ఎదురుగా హాన్స్ హోలైన్ అనే వాస్తుశిల్పి 1990లో కట్టిన గాజు భవనం ఉంది. మధ్యయుగపు చర్చి పక్కన ఇదేమిటని అప్పట్లో ఊరంతా గొడవ పడ్డారట. ఇప్పుడు దాని అద్దాల్లో చర్చి నీడ పడుతుంటే జనం నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. అక్కడి నుంచి నాలుగడుగులు నడిస్తే మిఖాయెలర్ చౌరస్తా వస్తుంది. ఒక పక్క హాప్స్‌బర్గ్ చక్రవర్తుల రాజప్రాసాదం ద్వారం. ఎదురుగా అడాల్ఫ్ లోస్ 1911లో పూర్తిచేసిన, ఏ నగిషీ లేని తెల్లటి గోడల ఇల్లు. చౌరస్తా మధ్యలో గొయ్యి తీసి వదిలేసిన రోమన్ కాలపు గోడలు. దాదాపు రెండు వేల ఏళ్ల కింద ఈ ఊరు ఉన్నచోట విందొబొనా అనే రోమన్ సైనిక శిబిరం ఉండేది. ఆ గోతిని పూడ్చకుండా, చుట్టూ పిట్టగోడ కట్టి, ఆఫీసులకు పోయేవాళ్లు దాని అంచునే నడిచేట్టు చేశారు. రోమన్ల నుంచి మొన్నటిదాకా ఈ ఊరికి ఎన్ని వయసులున్నాయో అక్కడ నిలబడి ఒక్క చుట్టు తిరిగితే తెలిసిపోతుంది.

వియన్నా తన పాతదాన్ని ఎప్పుడూ కూల్చలేదని అనుకుంటే పొరపాటు. ఊరి చుట్టూ ఉన్న కోటగోడను పడగొట్టమని ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి 1857 డిసెంబరులో ఆజ్ఞ ఇచ్చాడు. ఆ గోడ ఉన్న జాగాలోనే 5 కిలోమీటర్ల పైచిలుకు పొడవున రింగ్ రోడ్డు వేసి, 1865 మే 1న తెరిచారు. తర్వాత పాతికేళ్లలో ఒపెరా, పార్లమెంటు, నగర సభాభవనం, విశ్వవిద్యాలయం, నాటకశాల, రెండు జంట మ్యూజియంలు వరసగా దాని ఒడ్డున లేచాయి. ట్రాము ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతాయి. సైన్యానికి పనికిరాని గోడ పోయి జనానికి పనికొచ్చే వీధి వచ్చింది. పాత నగరాన్ని యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊరి మధ్య ఎత్తైన టవరు కట్టబోతున్నారని 2017లో ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాకు మార్చింది. పాత కొత్తల మధ్య బేరం అక్కడ ఇంకా తెగలేదు. ఊరివాళ్లు ఆ సంగతి మీద గట్టిగా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన ఉన్నంతకాలం ఊరికి మేలే అనిపించింది.

ఊళ్లో తిరగడానికి కారు అవసరమే రాలేదు. మెట్రో 1978లో మొదలైనా, దానిలో రెండు లైన్లు ఓట్టో వాగ్నర్ 1898–1901 మధ్య కట్టించిన పట్టణ రైలు దారిమీదే నడుస్తాయి. ఆయన పచ్చరంగు ఇనుప కమ్మీలు, పొద్దుతిరుగుడు పూల చెక్కడాలున్న స్టేషన్లలో ఇప్పటి పిల్లలు ఫోన్లు చూసుకుంటూ రైలు కోసం నిలబడతారు. స్టేషన్లలో అడ్డుగేట్లు లేవు. జనం టికెట్ తీసుకునే ఎక్కుతారన్న నమ్మకంతో వదిలేశారు, అప్పుడప్పుడు తనిఖీ చేస్తారు. రోజుకు ఒక యూరో లెక్కన 365 యూరోలకు ఏడాది పాసును 2012లో తెచ్చారు. అది చాలా ఏళ్లు నడిచింది. లక్షల మంది ఆ పాసు తీసుకున్నారు.

నీళ్ల సంగతి చెప్పకపోతే నాకు తృప్తిగా ఉండదు. పందొమ్మిదో శతాబ్దంలో వియన్నా బావులు చెడిపోయి కలరా, టైఫాయిడ్‌తో జనం చనిపోయేవాళ్లు. ఎడ్వర్డ్ జ్యూస్ అనే భూగర్భ శాస్త్రవేత్త, కొండల్లో ఊటనీళ్లు ఉన్నాయి, వాటిని ఊరికి తెద్దామని పట్టుబట్టాడు. దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని ఆల్ప్స్ కొండల ఊటలను కాలువగట్టి, పంపులతో పనిలేకుండా వాలు మీదనే ఊరికి తెచ్చారు. 1873 అక్టోబరులో ష్వార్జెన్‌బర్గ్ చౌరస్తాలో ఎత్తుగా ఎగసే ఫౌంటెనుతో ఆ నీళ్ల రాకను పండగ చేశారు. ఆ ఫౌంటెను ఇప్పటికీ ఎగుస్తోంది, ఆ కాలువ ఇప్పటికీ పారుతోంది. 1910లో రెండో కాలువ కూడా వచ్చింది. నల్లా తిప్పి గ్లాసు పట్టుకుని తాగితే చలువరాయి మీద పారిన నీటి రుచి. కాఫీ హోటల్లో కాఫీ పక్కన చిన్న పళ్లెంలో ఒక గ్లాసు నీళ్లు పెట్టి ఇవ్వడం అక్కడి మర్యాద. ఎండాకాలం వాగు ఇసుకలో చెలిమె తోడి బిందె నింపుకునే తిర్యాణి, నార్నూరు అక్కచెల్లెళ్లు నాకు ప్రతి గ్లాసు దగ్గరా గుర్తొచ్చారు. నూటయాభై ఏళ్ల కింద ఒక నగరం చేయగలిగిన పని అది. మన గూడేలకు అది ఇంకా పూర్తిగా అందలేదు.

నేను వెళ్లింది ముఖ్యంగా హెల్డెన్‌ప్లాట్స్ కోసం. రాజప్రాసాదం ముందు పెద్ద మైదానం అది. ఒక పక్క నోయె బుర్గ్ అనే కొత్త భవనం అర్ధచంద్రంలా వంగి ఉంటుంది. దాని మధ్యలో స్తంభాల ముందు ఒక బాల్కనీ. 1938 మార్చి 15న హిట్లర్ ఆ బాల్కనీ మీద నిలబడి, ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయిందని చాటాడు. మైదానం నిండా లక్షలాది మంది జేజేలు కొట్టారు. ఆ నెలతో ఆస్ట్రియా అనే దేశం పటంలో లేకుండాపోయింది.

ఆ రోజుకు హైమన్‌డార్ఫ్ వయసు ఇరవై తొమ్మిది నిండలేదు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి డాక్టరేటు పొంది, లండన్‌లో మాలినౌస్కీ దగ్గర నేర్చుకుని, 1936–37లో నాగా కొండల్లో కొన్యాక్‌ల మధ్య ఉండి వచ్చాడు. 1938లో బెట్టీని పెళ్లి చేసుకున్నాడు. 1939లో ఇద్దరూ మళ్లీ నాగా కొండలకు వెళ్లాలని భారతదేశం చేరుకున్నారు. అప్పుడే యుద్ధం మొదలైంది. ఆస్ట్రియా పోయింది కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిషు వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశ పౌరుడు. అరెస్టు చేశారు. ఆయన్ని ఎరిగిన అధికారుల చలవతో జైలు తప్పి, నిజాం రాజ్యం హద్దు దాటకూడదన్న షరతుతో హైదరాబాదులో ఉండనిచ్చారు. ఈశాన్య కొండలకు పోవాల్సిన మనిషి అట్లా మన అడవులకు వచ్చాడు.

ఊరికే కూర్చునే మనిషి కాదు ఆయన. నల్లమలలో చెంచుల మధ్య, గోదావరి పాపికొండల్లో కొండరెడ్ల మధ్య ఉండి పుస్తకాలు రాశాడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాడు. భూమి పోగొట్టుకున్న గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను ఆదిలాబాదుకు పంపింది. ఆయన బెట్టీతో కలిసి మార్లవాయిలో ఇల్లు వేసుకున్నాడు. గోండీ నేర్చుకున్నాడు. అడవి పేరుతో, పట్టాల పేరుతో గోండుల భూములు ఎట్లా చేతులు మారాయో ఊరూరా తిరిగి రాసి, తప్పు సర్కారుదేనని సర్కారుకే చెప్పాడు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. 1945 నుంచి ఆయన నిజాం ప్రభుత్వానికి ఆదివాసుల సలహాదారు. ఆ కాలంలో ఆదివాసులకు లక్ష ఎకరాలకు మించి భూమికి పట్టాలు దక్కాయి. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి కూర్చుని ఆదివాసుల గోడు వినే దర్బారు మొదలైంది కూడా ఆ రోజుల్లోనే.

ఆ బాల్కనీ కింద చాలాసేపు నిలబడ్డాను. అక్కడ ఒకడు మనుషుల్ని జాతుల లెక్కన విడదీసి లక్షలాది మందిని చావుకు పంపాడు. ఆ గాలికి తన ఊరి నుంచి కొట్టుకొచ్చిన ఇంకొకడు, తనకు ఏ చుట్టరికం లేని మనుషుల భూమి కోసం, భాష కోసం నిలబడ్డాడు. ఇద్దరూ ఒకే దేశంలో పుట్టినవాళ్లే. మనిషి ఏ ఊళ్లో పుట్టాడన్నదాన్ని బట్టి అతని విలువ కట్టలేమని నాకు అక్కడ మళ్లీ రూఢి అయింది.

అదే నోయె బుర్గ్‌లో ఇప్పుడు ప్రపంచ మ్యూజియం ఉంది. మరమ్మతులు చేసి 2017లో తిరిగి తెరిచారు. హైమన్‌డార్ఫ్ నాగా కొండల్లో సేకరించిన వస్తువులు ఈ మ్యూజియం సంపదలో ఉన్నాయి. నన్ను అన్నిటికన్నా ఆపేసింది మెక్సికో ఈకల కిరీటం. ఆజ్టెక్‌ల కాలం నాటిది. పచ్చటి క్వెట్జల్ పిట్ట ఈకలు, మధ్యలో బంగారు బిళ్లలు, దాదాపు పావుతక్కువ రెండు మీటర్ల వెడల్పు. కదిలిస్తే ఈకలు రాలిపోతాయని కుదుపు తగలని గాజు పెట్టెలో, మసక వెలుగులో పెట్టారు. మెక్సికో దాన్ని ఎన్నో ఏళ్లుగా తిరిగి అడుగుతోంది.

దాన్ని చూస్తుంటే నా కళ్లముందు గుస్సాడీ ఆట కదలాడింది. దీపావళికి దండారి మొదలైతే మన గూడేల్లో మగవాళ్లు ఒంటికి బూడిద పూసుకుని, నెమలి ఈకల టోపీ తలకు పెట్టుకుని, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఆడుకుంటూ పోతారు. ఆ టోపీకి పూజ చేసి గానీ తలకెత్తుకోరు. పండగ అయిపోగానే మళ్లీ పూజ చేసి దాచిపెడతారు. మార్లవాయికే చెందిన కనకరాజు ఆ ఆటను జీవితమంతా ఆడి, ఎందరికో నేర్పాడు. 2021లో పద్మశ్రీ అందుకుని 2024లో వెళ్లిపోయాడు. వియన్నా గాజు పెట్టెలోని కిరీటాన్ని తలకెత్తుకునే మనిషి లేడు. మన టోపీకి తల ఉంది, కాలికి గజ్జె ఉంది, పక్కన డప్పు ఉంది. ఆ సంపద విలువ ఎంతో నాకు అక్కడికి వెళ్లాకే పూర్తిగా తెలిసింది.

“గీడ అన్నీ భద్రంగ పెట్టిన్రు గదా పెద్దబాపూ, మనకాడ గిసొంటివి ఏవి?” అని మావాడు అడిగాడు.

“మనకాడ మనుషులే భద్రంగ పెట్టుకున్నర్రా. గా మనుషులను మనం భద్రంగ చూసుకుంటున్నమా అన్నదే సంగతి” అన్నాను.

ఆ సాయంత్రం యూదుల చౌరస్తాకు నడిచాం. 1938కి ముందు వియన్నాలో రెండు లక్షల మంది దాకా యూదులు ఉండేవాళ్లు. ఆస్ట్రియా యూదుల్లో అరవై అయిదు వేల మందికి పైగా నాజీలు చంపేశారు. ఫ్రాయిడ్ లాంటివాళ్లు ఊరు విడిచి ప్రాణాలు దక్కించుకున్నారు. వాళ్ల జ్ఞాపకంగా 2000లో అక్కడ కాంక్రీటుతో ఒక గది కట్టారు. గోడల నిండా పుస్తకాల వరసలే, కానీ వీపులు లోపలికి, అంచులు బయటికి. ఏ పుస్తకం పేరూ చదవలేం. తలుపులకు పిడులు లేవు. చౌరస్తా అడుగున, 1421లో ధ్వంసమైన పాత యూదు ప్రార్థనామందిరం పునాదులు తవ్వి జాగ్రత్త చేశారు. బాగున్నదాన్నే చూపించి చెడ్డదాన్ని చాపకింద దాచే ఊరైతే నాకు ఇంత గౌరవం కలిగేది కాదు. తన తప్పును నడివీధిలో నిలబెట్టుకున్న ఊరు ఇది. మన జోడేఘాట్‌లో కుమ్రం భీం స్మారకం, మ్యూజియం ఉన్నాయి. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండుల స్తూపం ఉంది. వాటి దగ్గరికి బడిపిల్లలను తీసుకెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పడం మన పంతుళ్ల బాధ్యత.

హైమన్‌డార్ఫ్ చదివిన బడి కూడా చూశాను. మరియా తెరీసా మహారాణి 1746లో స్థాపించిన థెరీసియానుం అది. రాజప్రాసాదంలో పెట్టిన బడి ఇప్పటికీ బడిగానే నడుస్తోంది. గేటు బయట నిలబడితే సంచులు భుజానేసుకుని పిల్లలు కేరింతలు కొడుతూ వెళ్తున్నారు. ఆ వయసులోనే ఆయనకు టాగూరు రచనల ద్వారా మన దేశం మీద మనసు పడిందట. బడిలో చదివిన ఒక పుస్తకం ఒక జీవితాన్ని ఎంత దూరం నడిపిస్తుందో పంతులుగా బతికిన నాకు వేరే రుజువు అక్కర్లేదు.

చక్రవర్తుల ఊరుగా పేరుపడ్డ వియన్నాలో నాకు బాగా నచ్చినది కూలీల కోసం కట్టిన ఇల్లు. మెట్రో నాలుగో లైను చివర హైలిగెన్‌స్టాట్‌లో దిగితే ఎదురుగానే కార్ల్ మార్క్స్ హోఫ్. 1930లో పూర్తయింది. ఒక కిలోమీటరుకు మించిన పొడవు, 1,382 ఇళ్లు, పెద్ద పెద్ద కమానులు, లోపల తోటలు. అప్పట్లోనే బట్టలుతికే యంత్రశాలలు, స్నానశాలలు, పసిపిల్లల బడి, గ్రంథాలయం కట్టి ఇచ్చారు. డబ్బున్నవాళ్ల ఇళ్ల మీద ఎక్కువ, పేదల ఇళ్ల మీద తక్కువ పన్ను వేసి, ఆ సొమ్ముతో నగరపాలక సంస్థ ఆ కాలంలో అరవై వేలకు పైగా ఇళ్లు కట్టింది. 1934 ఫిబ్రవరిలో జరిగిన అంతర్యుద్ధంలో సైన్యం దీనిమీద ఫిరంగులు పేల్చింది. ఇప్పటికీ అవి కిరాయి ఇళ్లే, నగరపాలక సంస్థవే. అట్లాంటివి ఊరంతటా రెండు లక్షలకు పైగా ఉన్నాయి. లోపలి తోటలో బెంచీ మీద ఒక ముసలమ్మ అల్లిక అల్లుతూ కూర్చుంది. పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. ఊరు అందంగా ఉండటం అంటే ఏమిటో ఒపెరా భవనం కన్నా ఈ తోట నాకు బాగా చెప్పింది.

కరీంనగర్ మనిషిగా నేను వదలకుండా చూసినది కళావస్తువుల మ్యూజియం. రింగ్ రోడ్డు మీదనే ఉంది. 1903లో మొదలై 1932 దాకా నడిచిన వీనర్ వెర్క్‌స్టేట్ అనే కళాకారుల కర్మాగారంలో యోసెఫ్ హోఫ్మన్ లాంటివాళ్లు గీసిన వెండి పళ్లేలు, గిన్నెలు, నగలు అక్కడ ఉన్నాయి. వస్తువులతో పాటు వాటి నమూనా బొమ్మలు కూడా వేల సంఖ్యలో భద్రపరిచారు. సంస్థ మూతపడి తొంభై ఏళ్లు దాటినా ఆ నమూనాలు చూసి ఈనాటి విద్యార్థులు నేర్చుకుంటున్నారు. మన కరీంనగర్ వెండి తీగపని అంతకన్నా సున్నితమైనది. ఎలగందులలో వేళ్లూనుకుని కరీంనగర్‌కు వచ్చిన విద్య. 2007లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వెండిని వెంట్రుక మందాన తీగ తీసి, పురిపెట్టి, అచ్చులో అమర్చి, అతికే ఆ చేతులు ఏటికేడు తగ్గుతున్నాయి. ఆ చేతుల్లో ఉన్న నమూనాలన్నీ ఒకచోట గీసి పెట్టుకునే ఏర్పాటు మనకు కావాలి.

ఒక సాయంత్రం ఒపెరా ముందు చౌరస్తాలో గడిపాం. 1869లో తెరిచిన ఆ భవనం 1945లో బాంబులకు కూలిపోతే, మళ్లీ కట్టి 1955 నవంబరులో పాట మొదలుపెట్టారు. లోపల ఖరీదైన టికెట్లు ఉన్నాయి. నిలబడి వినేవాళ్లకు చవక టికెట్లూ ఉన్నాయి. ఆ రోజు లోపల జరిగే కచేరీని బయట పెద్ద తెరమీద ఉచితంగా చూపిస్తున్నారు. కుర్చీలు నిండిపోయాయి, మిగతావాళ్లు నేలమీద కూర్చున్నారు. భాష తెలియకపోయినా ఒక స్త్రీ గొంతు అంత ఎత్తుకు లేచి నిలిచేసరికి నా ఒళ్లు జలదరించింది. పక్కన ట్రాములు పోతున్నాయి, గుర్రబ్బండ్లు పోతున్నాయి, ఎవరూ మాట్లాడటం లేదు.

వెళ్లదలచుకున్నవాళ్లకు నాలుగు మాటలు. షెంగెన్ వీసాకు రెండు మూడు నెలల ముందే హైదరాబాదులో దరఖాస్తు పెట్టుకోండి. సెప్టెంబరులో ఎండ మెత్తగా ఉంటుంది, సాయంత్రాలకు స్వెటరు కావాలి. నీళ్ల సీసా కొనకండి, నల్లా నీళ్లు పట్టుకోండి. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి, సరుకులు శనివారమే తెచ్చుకోండి. రాజప్రాసాదాలకే సమయమంతా పెట్టకుండా గ్యాసు ట్యాంకులు, కార్ల్ మార్క్స్ హోఫ్, యూదుల చౌరస్తా తప్పక చూడండి.

తిరిగొచ్చాక నా మనసులో గట్టిపడిన తీర్పు ఒకటే. పాతదాన్ని కాపాడేది దాన్ని వాడే మనుషులు. గ్యాసు ట్యాంకులో కాపురముంటే అది నిలిచింది, పాత రైలు దారి మీద రైలు నడిపితే అది నిలిచింది, రాజప్రాసాదంలో బడి నడిపితే అది నిలిచింది. వాడేవాళ్లు లేనిదాన్ని ఎంత డబ్బు పోసినా గాజు పెట్టెలోనే పెట్టుకోవాలి. ఆ లెక్కన మన ఉత్తర తెలంగాణ ఎవరికీ తక్కువది కాదు. కేస్లాపూర్ జాతరకు మెస్రం వంశంవాళ్లు ఇప్పటికీ కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెస్తారు. నాగోబాకు రాతి గుడిని సొంత చందాలతో కట్టుకుని 2022లో ప్రతిష్ఠ చేసుకున్నారు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది.

అందుకే చేతిలో అధికారం ఉన్నవాళ్లకు నా విన్నపం మూడు విషయాలు. గోండీ మాట్లాడే పిల్లలకు మొదటి తరగతుల్లో గోండీలోనే చదువు చెప్పండి, 1943లో చేయగలిగిన పని ఇప్పుడు ఎందుకు చేయలేం? కరీంనగర్ తీగపని నమూనాలను గీయించి, నేర్చుకునే పిల్లలకు స్టైపెండు ఇవ్వండి. ఎలగందుల కోటనో, మూతపడ్డ రామగుండం కేంద్రంలో ఒక భాగాన్నో జనం రోజూ వచ్చిపోయే చోటుగా మార్చండి. మీ బోటి పాఠకులకు చెప్పేది ఇంకా చిన్న మాట. ఐరోపా వెళ్లే స్తోమత ఉంటే తప్పక వెళ్లండి. ఈ పుష్య అమావాస్యకు మాత్రం పిల్లలను వెంటబెట్టుకుని కేస్లాపూర్ రండి. ఇంద్రవెల్లి నుంచి అది ఎంతో దూరం లేదు.